మాజీ లక్షణాల విభాగం

ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు, ఆకాశం పూర్తిగా నిర్మలంగా ఉండి, కిటికీ తెర కదిలేంత గాలి మాత్రమే వీస్తున్న వేళ, మా చెల్లెలి భర్త ముఖంలో కుడి సగం ఉద్యోగానికి రాజీనామా చేసింది. కాసేపటికి, ఎవరూ బతిమాలకుండానే, రాజీనామాను ఉపసంహరించుకుని విధుల్లో చేరింది. మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన పరిపాలనా సూత్రాలలో శ్రేష్ఠమైనది ఇక్కడే అమల్లోకి వచ్చింది: అధికారి చూసే వేళకు లేని కష్టం, ఎన్నడూ లేనట్టే లెక్క.

ఆ సూత్రం మా మరిదికి కొత్త కాదు. ఉద్యోగజీవితమంతా అతను లిఫ్టుల మరమ్మతు సంస్థలో పర్యవేక్షకుడు. అంతస్తుల నడుమ ఆగిపోయిన లిఫ్టు, మెకానిక్ చేరేలోపు తనంతట తాను కదిలితే, లోపం కనబడలేదని రాసి తిరిగి వచ్చేయాలన్నది ఆ సంస్థ నియమం. (లోపల చిక్కుకున్నవారు ఆ వ్యవధిలో విశ్రాంతి తీసుకున్నట్టు పరిగణిస్తారు.) ఆ నియమాన్ని అతను పదవీ విరమణ తరువాత ఇంటికి కూడా వెంట తెచ్చుకున్నాడు. కారే కుళాయి, మొరాయించే మిక్సీ, మూలిగే మోకాలు, అన్నింటికీ అదే న్యాయం.

ఆ ఉదయం కాఫీ గుటక వేస్తుండగా అతని నోటి కుడి మూల కిందికి జారింది. కాఫీ చొక్కా మీదికి కారింది. మా చెల్లెలు పొరబడడానికి చారిత్రక కారణం ఉంది. పెళ్ళయిన నాటినుంచీ ఆమె కలిపిన కాఫీకి అతను మూతి వంకర తిప్పుతూనే ఉన్నాడు.

"చాల్లెండి వెటకారం! అక్క ముందు కూడానా?" అంది.

అతను ఏదో చెప్పబోయాడు. మాటలు ముద్దముద్దగా వచ్చాయి.

"అదిగో, మళ్ళీ! ఆ నంగిమాటలు మనవడి దగ్గర పలకండి, నవ్వుతాడు."

అప్పుడు కప్పు అతని కుడిచేతిలోంచి జారి పగిలింది. వెటకారం కోసం కప్పులు పగలగొట్టే అలవాటు అతనికి లేదు (అవి అతను కొన్నవి). చెల్లెలి ముఖం పాలిపోయింది.

ఒకప్పుడు నేను చదివిన నర్సు చదువు ఇటువంటి సందర్భాలకు కొంత పనికివస్తుంది. మెదడుకు పోయే రక్తం కాసేపు ఆగి, మళ్ళీ సాగితే దాన్ని చిన్న పక్షవాతం అంటారని, అది పెద్దదానికి ముందు నడిచే బంట్రోతని, బంట్రోతు వెళ్ళిపోయాక దొర ఒకటి రెండు రోజుల్లోనే రావచ్చని చెప్పాను. చెప్పడం ముగిసేసరికి అతని మూతి సరిగ్గా ఉంది.

"ఇంకెక్కడి పక్షవాతం వదినా? చూడండి!" అంటూ వేళ్ళు ఆడించాడు. "నడిచే లిఫ్టుని విప్పామంటే చెడగొట్టామన్నమాటే."

"లిఫ్టు పోతే మెట్లున్నాయి. నీకేమున్నాయి? పద."

ఆస్పత్రిలో మమ్మల్ని లక్షణ ధ్రువీకరణ అధికారి స్వీకరించాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, ముందు ఒక కంప్యూటరు తెర. లక్షణమున్న రోగులను మాత్రమే లోపలికి పంపి, లేనివారి నుంచి వైద్యులను కాపాడడం అతని బాధ్యత. వెనుక గాజు తలుపులోంచి నరాల వైద్యుడు కనిపిస్తున్నాడు. అప్పటికి అతను సంపూర్ణంగా కాపాడబడి, ఖాళీగా కూర్చుని ఉన్నాడు.

"నవ్వండి," అన్నాడు అధికారి. మరిది నవ్వాడు. "చేతులెత్తండి." ఎత్తాడు. "ఒక వాక్యం చెప్పండి."

"మీ రెండో అంతస్తులో లిఫ్టు తలుపు కొట్టుకుంటోంది, చూసుకోండి," అన్నాడు మరిది, ఒక్క అక్షరం తడబడకుండా.

"మామ్మగారూ, ఈయన నాకంటే బాగా మాట్లాడుతున్నారు!"

"గంట క్రితం మాట్లాడలేదు నాయనా. అదే నేను చెప్పేది."

అతను తెరను నావైపు తిప్పాడు. అక్కడ రెండే గడులు: ఉంది, లేదు. "ఉండి పోయింది అనేది ఇందులో లేదండీ. అటువంటివి మాజీ లక్షణాల విభాగం చూస్తుంది. అది గురువారం." (ఆ రోజు శుక్రవారం.)

"ఇంట్లో దొంగ పడి వెళ్ళిపోయాడనుకో. వెళ్ళిపోయాడు కాబట్టి ఫిర్యాదు తీసుకోవా?"

"దొంగ ఉండగా రావాల్సింది మామ్మగారూ."

"మా ఇంటినుంచి ఇక్కడికి నలభై నిమిషాలు."

అతను నిజంగానే ఆలోచించాడు. కఠినుడు కాదు, నియమాలకు లోబడి మేలు చేయాలనే తపన కలవాడు. "అయితే ఈసారి కొంచెం ఎక్కువసేపు ఉండే లక్షణంతో రండి," అన్నాడు.

నేను గాజు తలుపు వైపు నడిచాను. కాపలా మనిషి మర్యాదగా అడ్డొచ్చాడు. చెల్లెలు నా కొంగు పట్టుకుని, "అక్కా, నలుగురూ చూస్తున్నారు," అంది. మరిది అప్పటికే బయటి మెట్ల మీద ఉన్నాడు. దారి పొడుగునా మహా హుషారుగా ఉన్నాడు. "పరీక్ష రాసి పాసయ్యాను, ఇంకా నమ్మరేం వదినా?" అని నన్ను ఆటపట్టించాడు. చెల్లెలు చాలాకాలం తరువాత మనస్ఫూర్తిగా నవ్వింది.

అధికారి సూచనను మరిది మర్నాడు అక్షరాలా పాటించాడు. స్నానాల గదిలో పడిపోయాడు. నలభై నిమిషాల ప్రయాణం ముగిసినా లక్షణం చెక్కుచెదరలేదు. కౌంటరు దగ్గర ఒక్క ప్రశ్న లేదు. ఉంది అనే గడి వెంటనే నొక్కారు. గాజు తలుపు దానంతట అదే తెరుచుకుంది. వ్యవస్థ ఇంత చక్కగా పనిచేయడం నేను ఎన్నడూ చూడలేదు.

నరాల వైద్యుడు మెదడు స్కాన్ చిత్రాలు పరిశీలించి నిట్టూర్చాడు. "దీనికి ముందు చిన్న హెచ్చరిక ఏదో వచ్చి ఉంటుందమ్మా. అప్పుడే తీసుకొచ్చి ఉంటే మందులతో ఆపే అవకాశం ఉండేది."

"నిన్న తీసుకొచ్చాం."

అతను తెర చూశాడు. "లేదే," అన్నాడు.

నాలుగేళ్ళ తరువాత ఆ ఆస్పత్రి ముఖద్వారం దగ్గర నిలువెత్తు బోర్డు ఒకటి వెలిసింది. ముఖం ఒక పక్కకు వాలినా, చెయ్యి పట్టు తప్పినా, మాట ముద్దబడినా, అవి వెంటనే తగ్గిపోయినా సరే, క్షణం ఆలస్యం చేయక రావాలని దాని మీద పెద్ద అక్షరాలతో ఉంది. అందులోని ఫొటో మా మరిదిది. అతని కుడిచెయ్యి ఇంకా విధుల్లో చేరలేదు గనుక, అనుమతి పత్రం మీద సంతకం మా చెల్లెలిది.