మూడు డబ్ల్యూల గుమ్మం

మనిషి ఎవరన్నది ముఖాన్ని బట్టి కాక, వచ్చిన గుమ్మాన్ని బట్టి నిర్ణయించడమే నాగరికత అని రాష్ట్ర బాలికా వసతి మండలి 2016లో తేల్చేసింది. ఆ సంగతి చేపలమ్మే లక్ష్మణమ్మ కూతురు ఝాన్సీకి ఎవరూ చెప్పలేదు. పాపం, ఆమెకు ఎచ్చెర్లలో చదువుకు సీటొచ్చింది. హాస్టల్ దొరక్కపోతే చదువుకు నీళ్లొదిలి తల్లితోపాటు చేపల బుట్ట ఎత్తుకోవాల్సిందే. దరఖాస్తు గడువు ఆ సాయంత్రంతో సరి.

తల్లీకూతుళ్లు ధనరాజు నెట్ సెంటర్‌కి వెళ్లారు. మండలి వెబ్‌సైటు అడ్రసు ముందు మూడు డబ్ల్యూలు కొట్టి ఝాన్సీ లాగిన్ అయింది. ‘సుస్వాగతం ఝాన్సీ గారూ’ అంది వెబ్‌సైటు. (పుట్టి బుద్ధెరిగాక ఆమెను గారూ అన్నది అదొక్కటే.) వివరాలన్నీ నింపి ‘సమర్పించు’ నొక్కింది. ఆ బటన్ ఆమెను డబ్ల్యూలు లేని అడ్రసుకు లాక్కెళ్లి, ‘మీరెవరు? లాగిన్ అవ్వండి’ అంది. అయింది. వెంటనే మళ్లీ డబ్ల్యూల అడ్రసుకే పంపి, ఖాళీ ఫారం చేతిలో పెట్టింది.

“ఇందాక గారూ అన్నాది గదే! ఇంతలోనే మర్సిపోనాదేటి?” అంది లక్ష్మణమ్మ.

“డబ్ల్యూలు తీసేసి కొట్టినా ఇలాగే తిప్పుతన్నాది పిన్నీ,” అన్నాడు ధనరాజు.

లక్ష్మణమ్మ మండలికి ఫోన్ చేస్తే ప్రవేశస్థితి సంరక్షణాధికారి నరసింగరావు గారు ఎత్తారు. (అటువంటి పదవి ఉంది. జీతం కూడా ఉంది.)

“అవి రెండూ వేర్వేరు అడ్రసులమ్మా. అక్కడ గుర్తుపట్టిన మనిషిని ఇక్కడ గుర్తుపట్టడం నిబంధనలకు విరుద్ధం.”

“అంటే శ్రీకూర్మం గుళ్లో తూర్పు గుమ్మం కాడ సెప్పులిప్పి, పడమటి గుమ్మం కాడ ఎతుకుతన్నామన్నమాట. బావుంది బాబూ! మరి మా సెప్పులు మాకెవులిస్తారు?”

“అద్భుతంగా అర్థం చేసుకున్నారు,” అని నరసింగరావు గారు ఆ మాట రాసుకున్నారు. మర్నాడే దాన్ని ఉదహరిస్తూ సర్క్యులర్ వెలువడింది. (అందులో చెప్పులు విప్పడం గురించి ఉంది. తిరిగివ్వడం గురించి లేదు.)

ఆ రోజు ఫోన్ పెట్టేసరికే ఐదయింది, వెబ్‌సైటు మూసుకుంది. ఝాన్సీ కళ్లు తుడుచుకుంది. నిజం చెప్పొద్దూ, ఆ పిల్ల ముఖం చూస్తే ఎవరికైనా మండలి మీద ఒళ్లు మండుతుంది.

వారం తిరక్కుండా మండలి సమీక్ష జరిపింది. ఎచ్చెర్ల హాస్టల్‌కు ఒక్క దరఖాస్తూ అందలేదు కనుక ఆ ప్రాంతపు బాలికలకు చదువు మీద ఆసక్తి లేదని తీర్మానించింది. హాస్టల్ ఎత్తేసి, ఆ భవనంలోనే లాగిన్ సమస్యల పరిష్కార కేంద్రాన్ని తెరిచింది.

ఝాన్సీ ఫిర్యాదు పట్టుకుని అక్కడికి వెళ్లింది. గుమ్మంలో ఎవరూ ఏమీ అడగలేదు. లోపల కొత్త మంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పైన గోడకు బోర్డు కట్టారు: ‘ఫిర్యాదుదారులు ఇచ్చట రాత్రి బస చేయరాదు.’