మా మెట్లు చూడండి, ఉచితం

నవ్వనని మాటిస్తేనే చెబుతాను.

జర్మనీలోని మా ఎస్లింగెన్ ఊళ్ళో దేవుడికి భయపడనివాళ్ళు ఉన్నారు గానీ, ఊడ్పు పలకకి భయపడనివాళ్ళు లేరు. ఆ పలక ఎవరి తలుపుకి వేలాడితే ఆ వారం మేడమెట్లూ, వీధి గుమ్మమూ ఊడ్చి కడిగే పని వాళ్ళది. శనివారం సాయంత్రానికి మెట్లు మెరవకపోతే కింద వాటా హేఫెలే గారు ఊరుకోరు. ఆవిణ్ణి నేను దుర్భిణి గారంటాను, ఆవిడకి వినపడనంత దూరంలో.

ఆ శనివారం పలక మా తలుపు మీదుంది. వంతు నాది. సరిగ్గా ముందురోజే మా ఆవిడ గెర్లిండె పిన్ని హిల్డెగుండ్ గారు హాంబుర్గ్ నుంచి దిగారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిణ్ణి చీకటిపడేదాకా ఊళ్ళో తిప్పితే, హేఫెలే గారి నోటికి జడిసి గెర్లిండే మెట్లు కడిగేస్తుంది.

"పాపం, మీ పిన్ని ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు? ఊరు చూపిస్తాను. వంతెన, కోటగోడ, చర్చి, అన్నీ ఉచితమే," అన్నాను కాఫీ తాగుతూ.

"మరి మెట్లో?"

"అతిథి ముందా, మెట్లు ముందా?"

"అతిథే ముందు. వెళ్ళిరండి," అంది నవ్వుతూ. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

హిల్డెగుండ్ అత్తయ్యగారికి కాస్త చెవుడు. అందుకని వంతెన మీద అరిచి చెప్పాను. దారినపోయే ఇద్దరు ఆగారు. కోటగోడ దగ్గర అరిచేసరికి పదిమందయ్యారు. చర్చి ముందుకొచ్చేటప్పటికి నా వెనక పెళ్ళి ఊరేగింపంత జనం!

"ఇదంతా ఉచితమేనా?" అన్నాడొక పొడుగాటాయన.

"పూర్తిగా!" అన్నాను. పెళ్ళయ్యాక అంతమంది నా మాట వినడం అదే మొదలు. నాకు తెలిసిన చరిత్ర రెండో వీధిలోనే అయిపోయింది. మిగతాది కల్పించాను.

"అదుగో, అత్తగారు వస్తున్నారని తెలిసి ఓ ప్రభువు దూకి పారిపోయింది ఆ కిటికీలోంచే!"

అందరూ ఫోటోలు తీసుకున్నారు. అది మా పళ్ళ డాక్టరు గారి కిటికీ.

"మరి ఆఖర్న ఏం చూపిస్తారు?" అన్నాడు పొడుగాటాయన.

"నాకు తెలుసల్లుడూ!" అన్నారు అత్తయ్యగారు. "అన్నిటికంటే గొప్పది ఆఖర్న చూడాలని పొద్దున్నే గెర్లిండె చెప్పింది. దారి కూడా చెప్పింది. నా వెంట రండి!"

గొడుగు పైకెత్తి ఆవిడ ముందు, జనం వెనక, జనం వెనక నేను. రెండు మలుపులు తిరిగాక చూద్దును కదా, అది మా వీధి!

గుమ్మంలో గెర్లిండె. పక్కన బకెట్టు, చీపురు, తడిగుడ్డ.

"రండి, రండి! మా ఊళ్ళో తరతరాల నుంచీ వస్తున్న ఆచారం, మెట్లు ఊడవడం! ఇప్పుడు మావారే స్వయంగా చేసి చూపిస్తారు. ఉచితం!"

"ఏమిటే ఇది? మీ పిన్నికి చూపిస్తే చాలదూ?" అని గొణిగాను.

"మీ గొంతు ఇక్కడిదాకా వినపడింది. ఇంతమందిని తెస్తున్నారని అప్పుడే తెలిసింది. అతిథులే ముందన్నారుగా," అంటూ నా నడుముకి ఏప్రన్ కట్టింది.

ఊడ్చాను. "మూల! మూల వదిలేశావు!" అన్నారు హేఫెలే గారు. జనమంతా వంగి మూల చూశారు. మళ్ళీ ఊడ్చాను. ఆఖరి మెట్టు తుడవగానే అందరూ చప్పట్లు కొట్టారు. అబద్ధమెందుకు, నాకు చాలా సంతోషమేసింది. వంగి దణ్ణం కూడా పెట్టాను. అదే నేను చేసిన తప్పు.

"వచ్చే శనివారం మావాళ్ళని తీసుకొస్తాను. ఉంటుందా?" అన్నాడు పొడుగాటాయన.

"ఎందుకుండదూ!" అన్నారు హేఫెలే గారు. "వచ్చేవారం వంతు నాది. ఆయనకే ఇచ్చేస్తున్నా."

"మాది కూడా!" పైవాటా నుంచి గొంతు వినిపించింది.

పలక ఇప్పటికీ మా తలుపు మీదే ఉంది. శనివారమైతే జనం వస్తారు. గెర్లిండె పైమెట్టు మీద తీరిగ్గా కూర్చుని, కాఫీ తాగుతూ అంటుంది:

"ఏమండీ, ఆ మూల ఇంకోసారి ఊడవండి. వెనకవాళ్ళకి కనపడలేదట."