తూనికల ఇన్‌స్పెక్టరుగారి తేలిక కారు

పెళ్లాన్ని ఎంచుకోవడానికి ఒక సాయంత్రం చాలు. అందుబాటు ధరలో తేలికపాటి స్పోర్ట్స్ కారు ఎంచుకోవడానికి మాత్రం మూడేళ్లు కనీస గడువని విజ్ఞులు ఏనాడో తీర్మానించారు. (వాళ్లలో ఎవరికీ కారు లేదు.)

తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగారు ఈ గడువును అక్షరాలా పాటించారు. ఆయన మనసు దోచినవి రెండే కార్లు: ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. రెంటికీ రెండేసి సీట్లు, వెనక ఒక చేతిసంచి పట్టేంత చోటు. ఎర్రది పందొమ్మిది కిలోలు తేలిక. ఆ పందొమ్మిది కిలోల మీద ఆయన నలభై పేజీల నివేదిక రాసుకున్నారు.

"ఏదో ఒకటి తేల్చండి మహాప్రభో," అంది భార్య.

"తొందరపడితే ఎలాగే? మలుపులో పందొమ్మిది కిలోలంటే మాటలా?"

(ఆయన రోజూ వెళ్లే దారిలో మలుపు ఒక్కటే. అది ఆఫీసు గేటు.)

ఎట్టకేలకు భార్యతో షోరూముకి వెళ్తే, అక్కడ కొనేవాళ్ల బరువు తేల్చే తేలిక అర్హతాధికారి ఎదురయ్యాడు. బరువు తగ్గించడానికి కంపెనీవారు స్పేర్ చక్రం, రేడియో, లోపలి పిడులు పీకేశారు. పీకినదానికల్లా అదనపు రుసుము. ఇంత శ్రమను కొనేవాడు బూడిదలో పోయకూడదు గనక, ఏడో నిబంధన కింద అతణ్ణి తూచాలి. హద్దు ఎనభై కిలోలు.

ఇన్‌స్పెక్టరుగారు కాటా ఎక్కారు. ముల్లు నూట నాలుగు దగ్గర ఆగింది.

"మీ కాటా తప్పు," అన్నారు ఇన్‌స్పెక్టరుగారు, ఇరవై రెండేళ్లుగా దుకాణదార్లను వణికించిన గొంతుతో. "ఎవడయ్యా దీనికి ముద్ర వేసింది?"

అధికారి చూపించాడు. ముద్ర ఈయనదే, సంతకం ఈయనదే, తేదీ పోయిన నెలది. (ఆ రోజు ఆయన ఎర్ర కారులో కూర్చుని, ముద్ర గుమాస్తా చేతికిచ్చారు.)

"తప్పని రాసివ్వండి సార్, మీ పై ఆఫీసుకి పంపిస్తాం," అన్నాడు అధికారి వినయంగా.

తప్పంటే ఉద్యోగం పోతుంది, ఒప్పంటే కారు పోతుంది. చెమట తుడుచుకుని, కాటా భేషుగ్గా ఉందని రాసి సంతకం చేశారు.

"మేడమ్‌గారు కూడా ఒకసారి ఎక్కుతారా?"

యాభై ఆరు. ఆవిడ నీలం కారు తాళం అందుకుంది.

"ఎర్రదే తేలిక," గొణిగారు భర్త.

"ఇది గుమ్మానికి దగ్గరగా ఉందండీ."

బరువు ఇంకా తగ్గాలంటే పక్క సీటు కూడా తీయించుకోవచ్చని అధికారి ఫారం ముందుకు జరిపాడు. దానికీ అదనపు రుసుమే.

ఆవిడ బేరం కూడా ఆడలేదు.