గాలి మిషనుకు గుడ్డ

గుట్టకిందపల్లె గాలి జిల్లాలోకెల్లా స్వచ్ఛమైనదని సంబంధిత శాఖవారు అధికారికంగా ప్రకటించారు. మైకులో ఆ మాట వినగానే గ్రామస్థులు హర్షధ్వానాలు చేయబోయారు గానీ, దగ్గు తెర అడ్డం రావడంతో కాసేపు ఆగి చేశారు. ఈ ఘనవిజయంలో శాస్త్రవేత్తల కృషి ఎంత, పరిశ్రమ త్యాగం ఎంత, నియంత్రణాధికారుల దీక్ష ఎంత, ఒక పరుపు గుడ్డ పాత్ర ఎంత అన్నది భావితరాలకు తెలియాలి. భావితరాలు ఉంటాయన్న నమ్మకంతోనే ఇది రాస్తున్నాను.

రాప్తాడు దాటి పక్కకు తిరిగి, తెల్లటి రోడ్డు కనబడితే దాని వెంటే వెళ్లండి, మా గుట్టకిందపల్లె వస్తుంది. రోడ్డు తారుదే, తెలుపు తర్వాత పడింది. గుట్టలో సగానికి పైగా ఇప్పటికే కంకరై టిప్పర్లెక్కి బెంగళూరు వెళ్లిపోయింది. మిగతాది కూడా వెళ్లబోతోంది కనుక ఊరికి ఇంకో పేరు చూసుకోవడం మంచిదని పంచాయతీలో ఒక ఆలోచన ఉంది. ఇదంతా ప్రతాప్ గారి క్రషర్ చలవ. అది వచ్చాక పెళ్లికాని కుర్రవాళ్ల తలలు కూడా నెరిసి, ఊళ్లో అందరికీ సమానంగా పెద్దరికం వచ్చింది. చేలో వేరుశనగ ఆకు తెల్లబడితే మా ఊరి తిప్పమ్మ తెగులనుకుని మందు కొట్టించింది. క్రషర్‌లో దుమ్ము అణచడానికి నీళ్లు చల్లే పైపులు లేవా అంటే, ఉన్నాయి. పైపులు ఉండాలని నిబంధన, ఉన్నాయి. వాటిలో నీళ్లు కూడా రావాలని రాసినాయన ఎవరో గానీ మా జిల్లా చూసిన మనిషి కాడు.

క్రషర్‌కు అన్నిటికన్నా దగ్గరి ఇల్లు గౌస్‌బీది. ఆమె భర్త ఇమాం హుస్సేన్ పరుపులు కుట్టేవాడు. సోమందేపల్లె దాకా ఊరూరా తిరిగి, దూది ఏకి, పరుపు కుట్టి, దాని మీద తనే ఒకసారి పడుకుని చూసి అప్పగించేవాడు. ఇప్పుడు ఆయనకు పడుకుంటే ఊపిరాడదు. రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చుంటాడు. అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి, దుమ్ము లేని చోట ఉంటే ఇంకా కొన్నేళ్లు బాగానే బతుకుతాడని, ఉన్నచోటే ఉంటే చెప్పలేమని చెప్పాడు.

"దుమ్ము లేని చోటికి యాడికి పోదుము సారూ? ఊరు సంకన పెట్టుకొని పోయేదా?" అని గౌస్‌బీ అడిగింది. డాక్టరు తర్వాతి రోగిని పిలిచాడు.

అప్పటినుంచి ఆమె సోమవారం సోమవారం అర్జీ పెట్టేది. క్రషర్‌ను రాత్రిళ్లయినా ఆపండి, మా ఇంటాయప్ప నిద్రపోతాడు, అని. మంగళవారానికల్లా "మీ సమస్య పరిష్కరించబడింది" అని ఫోన్‌కు సందేశం వచ్చేది. ఇంత వేగంగా సమస్యలు పరిష్కరించే యంత్రాంగం మనకు ఉన్నందుకు గర్వపడాలి. ఇంతలో ప్రతాప్ గారు అదే గుట్టకు అవతలివైపు రెండో క్రషర్ పెట్టడానికి దరఖాస్తు చేసుకున్నారు. ఒకవైపు అర్జీ, ఒకవైపు దరఖాస్తు. ప్రభుత్వం రెండింటినీ సమాన ప్రేమతో చూసి, మధ్యేమార్గంగా ఒక సదస్సు పెట్టింది.

శాస్త్రవేత్తలనూ పరిశ్రమనూ అధికారులనూ ఒకే వేదిక మీదికి తెచ్చిన ఆ మహాసదస్సు అనంతపురంలో ఒక ఏసీ హోటల్లో జరిగింది. బయట గాలి బాగాలేదని కిటికీలు మూశారు. కాలుష్య నియంత్రణాధికారి వెంకటరాముడు గారు ప్రారంభోపన్యాసం చేస్తూ, "మేము పరిశ్రమకు శత్రువులం కాము. అలాగని గాలికీ శత్రువులం కాము. ఈ ఇద్దరి మధ్యా సామరస్యం కుదర్చడమే మా శాఖ ధ్యేయం" అన్నారు. ప్రతాప్ గారు లేచి, "దుమ్మును దుమ్ముగా చూడకండి, అభివృద్ధిగా చూడండి" అన్నారు. శాస్త్రవేత్త డాక్టర్ వనజాక్షి గారు మాత్రం, "దుమ్ము ఉందో లేదో చెప్పడానికి కళ్లు చాలవు, ఆధారం కావాలి" అన్నారు. ముగ్గురూ ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. ఊళ్లో గాలి కొలిచే మిషను పెట్టాలనీ, వర్షాకాలం వచ్చేదాకా కొలవాలనీ, అంకె హద్దు దాటితే రెండో క్రషర్ రద్దనీ, మొదటిది రాత్రిళ్లు ఆపాలనీ, దాటకపోతే రెండింటికీ పచ్చజెండా అనీ తీర్మానించారు. మిషనును ప్రతాప్ గారే ఔదార్యంతో విరాళమిచ్చారు.

మిషను గౌస్‌బీ మిద్దె మీదికి ఎక్కింది. ఆ రోజు ఆమె మొహం చూడాలి మీరు. ఇన్నాళ్లూ తను చెబితే ఎవరూ నమ్మలేదు, ఇప్పుడు సర్కారు సామానే చెబుతుంది. ఇల్లు అలికింది. దాచుకున్న బిందెలో నీళ్లు వాకిట్లో చల్లింది. వెంకటరాముడు గారు కొబ్బరికాయ కొట్టారు, పక్కింటి తిప్పమ్మ మిషనుకు పసుపూ కుంకుమా పెట్టింది, గౌస్‌బీ ఊదు పొగ వేసింది. పొగకు మిషను అదిరిపోయి ఎర్రటి అంకె చూపించింది. అది శుభకార్యపు పొగ కనుక లెక్కలోకి రాదని అధికారీ శాస్త్రవేత్తా ప్రతాప్ గారూ అప్పటికప్పుడే ఏకాభిప్రాయానికి వచ్చి కొట్టేశారు.

దిగిపోతూ వనజాక్షి గారు, "అమ్మా, ఇది చాలా ఖరీదైన పరికరం, సున్నితమైనది. మీ సొంత వస్తువులా జాగ్రత్తగా చూసుకోవాలి" అని చెప్పి వెళ్లారు. ఆ మాటే కొంప ముంచింది.

సొంత వస్తువును మనం ఎలా చూసుకుంటామో మీకు తెలియనిది కాదు. టీవీకి గుడ్డ కప్పుతాం. మిక్సీకి గుడ్డ. ఫ్రిజ్‌కు పైన ఒక గుడ్డ, పిడికి మళ్లీ చిన్న గుడ్డ. కొత్త కుర్చీకి కంపెనీవాడు చుట్టిన ప్లాస్టిక్ కాగితం కుర్చీ విరిగేదాకా తీయం. గౌస్‌బీ కూడా ఈ గడ్డ మీద పుట్టిన ఇల్లాలే. సాయంత్రం క్రషర్ మొదలై, బూడిదలాంటి దుమ్ము వచ్చి కొత్త మిషను మీద వాలుతుంటే ఆమె ప్రాణం ఉసూరుమంది.

"ఇంత దుమ్ములో పెడితే వారానికే పోతాది గౌసక్కా. మళ్ల ఇంగోటి ఇస్తారనుకుంటివా?" అంది తిప్పమ్మ.

"ఇయ్యరు. ఇది పోయిందంటే మా ఆయప్ప గతేమి?" అంది గౌస్‌బీ.

ట్రంకుపెట్టెలో ఇమాం హుస్సేన్ పాత పరుపు గుడ్డ ఉంది. గట్టి నేత, దూది పోగు కూడా బయటికి రాని నేత. ఆయనే మిద్దె మెట్లు ఒక్కొక్కటీ కూర్చుంటూ ఎక్కి, కొలత తీసుకుని, మధ్యమధ్య దగ్గుతూ దబ్బనంతో కుట్టాడు. నాలుగు మూలలా నాడాలు పెట్టాడు. కరెంటు ఉన్నట్టు చూపించే పచ్చ లైటు ఒకటుంది మిషనుకు, అంతమేరకు చిన్న కిటికీ వదిలాడు. చాలా ఏళ్ల తర్వాత చేసిన పని గనుక తృప్తిగా ఒకసారి నిమిరి చూసుకున్నాడు. గౌస్‌బీ రోజూ పొద్దున్నే మిద్దెక్కి చూసేది. పచ్చ లైటు వెలుగుతుంటే, "బాగుండాది. అంతా రాసుకుంటాండాది" అని దిగొచ్చి మొగుడికి ధైర్యం చెప్పేది.

వారం వారం సిబ్బంది స్వయంగా వచ్చి పరిశీలించాలని నియమం. ఎండ వల్ల వాళ్లు ఆఫీసు నుంచే ఫోన్‌లో స్వయంగా పరిశీలించారు. అంకెలు చూసి వెంకటరాముడు గారి కళ్లు చెమర్చాయి. క్రషర్ ఆడినా అదే అంకె, సుడిగాలి లేచినా అదే అంకె. అంత స్వచ్ఛమైన గాలి ఈ భూమ్మీద మనుషులు లేని చోట్ల మాత్రమే దొరుకుతుందట. వనజాక్షి గారికి మొదట అనుమానం వచ్చింది. ఒకసారి వెళ్లి చూద్దామని కారు కూడా అడిగారు. కారు దొరకలేదు. ఆలోగా ఆవిడ మనసులో "కరువు పీఠభూమిలో గాలి తనను తాను శుభ్రపరచుకొను విధానం" అన్న పరిశోధనా వ్యాసం రూపుదిద్దుకోవడంతో అనుమానం దానంతట అదే పోయింది.

ఫలితాల ప్రకటనకు రెండో సదస్సును ఊళ్లోనే, గౌస్‌బీ ఇంటి ముందే షామియానా వేసి జరిపారు. ఆ ఒక్కరోజూ క్రషర్ ఆపారు. తాగునీటి ట్యాంకర్ వచ్చింది గానీ బిందెలకు కాదు, రోడ్డు తడపడానికి. ఆడవాళ్లు ఖాళీ బిందెలతోనే కూర్చుని ఉపన్యాసాలు విన్నారు. గాలి జిల్లాలోకెల్లా స్వచ్ఛమైనదన్న ప్రకటన అప్పుడు వెలువడిందే. రెండో క్రషర్‌కు అనుమతి, మొదటిది రాత్రింబవళ్లు నడుపుకోవచ్చు. మరి ఇమాం హుస్సేన్ దగ్గు సంగతేమిటని ఎవరో అడిగారు. ప్రతాప్ గారు జాలిగా నవ్వి, "పాపం, ఆయన జీవితమంతా దూది ఏకాడు. మన గాలి చేతనే ఆయన ఇన్నాళ్లు బతికాడు" అన్నారు. మిషనుకు ఆశ్రయమిచ్చిన దంపతులకు సన్మానమని మైకులో పిలిచారు.

గౌస్‌బీ ఒక్కతే లేచింది. శాలువా తీసుకోలేదు.

"ఇదేం న్యాయం సారూ? దుమ్ము లేదని మిషను చెప్పిందా?"

"అంకెలు చెప్పాయమ్మా" అన్నారు వెంకటరాముడు గారు.

"మిషను మీద దుమ్ము యాడుంటాది సారూ, నేను పడనిస్తే కదా. మా ఆయప్ప గుడ్డ కుట్టినాడు. ఆ పొద్దే కప్పి కట్టేసినా. కావాలంటే సూడండి రాండి, అంత సామాన్ని పెళ్లికూతుర్ని సూసుకున్నట్టు సూసుకున్నాం."

షామియానా కింద గాలి ఆగిపోయింది. శాస్త్రమూ పరిశ్రమా అధికారమూ ఒకరి వెనక ఒకరు మిద్దెక్కారు. గుడ్డ మీద దుమ్ము రొట్టెలా పేరుకుని ఉంది. గౌస్‌బీ నాడాలు విప్పి, ఇంట్లో అలవాటు చొప్పున ఒక్కసారి గట్టిగా దులిపింది. ఆ దుమ్ము ముగ్గురి మీదా సమానంగా పడింది. ముగ్గురూ ఒకేసారి, ఒకే శ్రుతిలో దగ్గారు. ప్రభుత్వం ఆశించిన త్రైపాక్షిక సమన్వయం ఆ మిద్దె మీద ఆ రోజు మొదటిసారి కుదిరింది.

"ఈ అంకెలేవీ చెల్లవు" అన్నారు వనజాక్షి గారు, చాలా చిన్న గొంతుతో.

"అంకెలు పైకి పంపించేశామండీ. పైకి పోయినవి వెనక్కి రావు" అన్నారు వెంకటరాముడు గారు, కళ్లజోడు తుడుచుకుంటూ.

"అసలు తప్పేముంది? గుడ్డ లోపలి గాలి స్వచ్ఛంగా ఉందా లేదా? ఉంది. అది గుట్టకిందపల్లె గాలేనా? అవును" అన్నారు ప్రతాప్ గారు. ఇంత పదునైన తర్కం విన్నాక వనజాక్షి గారు కొంతసేపు ఆలోచించి, గుడ్డ పాత్రపై మరింత అధ్యయనం అవసరమని అంగీకరించారు.

గౌస్‌బీ దారికి అడ్డంగా నిలబడింది. "అట్లయితే గుడ్డ లేకుండా మళ్లీ కొలవండి సారూ. తప్పు నాదే, నా బుద్ధి గడ్డి తినింది. నా తప్పుకు ఆయప్పను సంపుతారా? ఆయప్పకు ఊపిరి ఆడ్తాలేదు సారూ."

"కొలిచే గడువు అయిపోయిందమ్మా" అన్నారు వెంకటరాముడు గారు, ఎంతో మృదువుగా. ఆయన్ను తప్పుపట్టలేం, గడువు నిజంగానే అయిపోయింది.

ఆ తర్వాత వచ్చిన ఉత్తర్వు మాత్రం చరిత్రలో నిలుస్తుంది. ఖరీదైన పరికరాలను ప్రజలు ఇంత శ్రద్ధగా సంరక్షించడం ఆదర్శప్రాయమనీ, రాప్తాడు మొదలు గార్లదిన్నె, సోమందేపల్లె దాకా ప్రతి గాలి మిషనుకూ ఇదే నమూనాలో గుడ్డ తొడగాలనీ అందులో ఉంది. కుట్టే బాధ్యతను మహిళా సాధికారత కింద గౌస్‌బీకే అప్పగించారు. ఆమె మొదట ఉత్తర్వు తెచ్చినవాడి మొహాన తలుపేసింది. కానీ మొగుడి మందులు ఆ తలుపు అవతలే ఉన్నాయి కనుక మర్నాడు తీసింది. రెండో క్రషర్ మొదలైంది. ఒకటి ఆగితే ఇంకొకటి వినబడేది, తర్వాత తర్వాత ఏదీ ఆగలేదు.

ఇమాం హుస్సేన్ గోడకు ఆనుకుని కూర్చుని ఆమెకు కొలతలు చెప్పేవాడు. ఒక సాయంత్రం కుట్టిన గుడ్డలన్నీ చూసి నవ్వాడు.

"ఏమే, మిషన్లకన్నిటికీ కుడతాండావు. నాకూ ఒగటి కుట్టరాదా? నేనూ బాగున్నట్టు రాసుకుంటారు."

ఆమె ఏడ్చింది. తర్వాత నిజంగానే మొదలుపెట్టింది, ముక్కుకూ మూతికీ సరిపోయేలా, మెత్తటి గుడ్డతో. అది పూర్తి కాలేదు. ఆయన మీద కప్పిన గుడ్డకు కుట్టు లేదు, శవానికి చుట్టే కఫన్‌కు కుట్టు ఉండదు. మరణ కారణం వయసు అని నమోదైంది. గాలి కారణం కాదనడానికి మిద్దె మీదే సాక్ష్యం ఉంది. ఆ రోజు కూడా పచ్చ లైటు వెలుగుతూనే ఉంది.

ఇది చదివాక మీకు కొంచెం బాధ కలగవచ్చు. మీ ఊరి గాలి ఎలా ఉందో చూద్దామని ఫోన్ తీయవచ్చు. తీయండి. పచ్చ చుక్క కనబడుతుంది, మీ మనసు కుదుటపడుతుంది. ఆ చుక్క మీద ఉన్న గుడ్డ ఎవరు కుట్టారో మీకు తెలుసు. అయినా దాన్ని విప్పి దులపమని మీరు ఎవరినీ అడగరు. ఆ దుమ్ము మొట్టమొదట మీ మొహం మీదే పడుతుంది. పైగా మీ టీవీ రిమోట్ ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంది.