ఇంటిపట్టున చక్రం బెండు తీసే వైభోగం

మీ సైకిల్ చక్రం వంకర పోయిందా? అయితే శుభం! మీ ఇంటికి అదృష్టం పట్టింది. ముందు నలుగురికీ దూద్‌పేడాలు పంచండి, తర్వాత మాట్లాడుకుందాం.

నవ్వకండి. ఈ మాట అంటున్నది మోరేశ్వర్ సహస్రబుద్ధే. పుణేలో పుట్టి, అరవై ఎనిమిదేళ్లుగా పుణేలోనే ఉంటూ, ఎవరూ అడక్కుండానే వేల సలహాలు ఇచ్చినవాణ్ణి. వాటిలో ఒక్కటీ తప్పు కాలేదు. పాటించినవాళ్లే తప్పుగా పాటించారు. అలాంటి నేను చెబుతున్నాను, రాసి పెట్టుకోండి: వంకర చక్రాన్ని రిపేరు షాపుకు మోసుకుపోయేవాడంత తెలివితక్కువవాడు ఇంకొకడు లేడు. ఆ పని ఇంట్లోనే చేసుకోవాలి. నడి హాల్లో, పాత పేపర్లు పరుచుకుని, పంచె ఎగగట్టి మరీ చేసుకోవాలి.

మా ఇంట్లో ఈ భాగ్యం గురువారం పొద్దున్న కలిగింది. మా ఆవిడ వసుధ కాత్రజ్ ఘాట్ రోడ్డు దిగుతుంటే సైకిల్ గుంతలో పడింది. ఆవిడకేం కాలేదు. ముందు చక్రం మాత్రం నిప్పుల మీద వేసిన అప్పడంలా మెలి తిరిగిపోయింది.

అరవై రెండేళ్ల మనిషికి ఘాట్‌లో ఏం పని అంటారా? ప్రాక్టీసు! ఆవిడా, ఇంకో ఎనిమిది మంది ఆడవాళ్లూ చైత్ర ఏకాదశికి పండరీపురం వెళ్తున్నారు. సైకిళ్ల మీద! ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి, రెండు రోజులు తొక్కి, సోమవారం సాయంత్రానికి విఠోబా ముందు నిలబడాలి. ఆషాఢంలో అయితే జనం, చైత్రంలో అయితే ఎండ. తొమ్మిది మందీ కూర్చుని ఓటేసుకుని ఎండే నయమన్నారు. మూడు నెలల నుంచి ఇదే పని. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో నాకు వండి పెట్టకుండా ఆవిడ ఎక్కడికైనా వెళ్లడం ఇదే మొదలు. "ఫ్రిజ్‌లో కూడా ఏమీ పెట్టి వెళ్లను" అని ముందే నోటీసిచ్చింది.

"ఏవండీ, ఆదివారానికి అవుతుందా? నేను లేకపోతే వాళ్లు ఎనిమిది మంది వెళ్లిపోతారు. నా కోసం ఎవరూ ఆగరు."

"ఆదివారం దాకా ఎందుకే? సాయంత్రానికే చూడు!" అన్నాను.

అదీ ధీమా అంటే! షాపుకు వెళ్లేవాడికి ఇలాంటి ధీమా దొరుకుతుందా?

ఇక పని చూడండి, ఎంత సులువో. సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టాలి. చక్రం తిప్పాలి. ఫోర్కుకు ఆనించి సుద్దముక్క పట్టుకోవాలి. రిమ్ము ఎక్కడ సుద్దను రాసుకుంటే అక్కడ వంకర ఉన్నట్టు. దానికి ఎదుటి వైపు స్పోకును చిన్న కీతో కాస్త బిగించాలి. అంతే! చిన్నపిల్లలు చేసే పని.

నేను రెండు గంటలు బిగించాను. ఆ తర్వాత తెలిసిందేమిటంటే, సైకిల్ తలకిందులుగా ఉంది కాబట్టి నేను బిగిస్తున్నాననుకున్నదంతా వదులు చేయడమే! ఇంత జ్ఞానం ఏ యూనివర్సిటీలో దొరుకుతుంది చెప్పండి?

ఇంకో సంగతి కూడా తెలిసింది. ఒక్క స్పోకు బిగిస్తే పక్కనున్న నాలుగూ అలుగుతాయి. వాటిని బుజ్జగిస్తే ఎదుటివి కక్ష కడతాయి. పదకొండేళ్లు మా హౌసింగ్ సొసైటీకి కార్యదర్శిగా ఉన్నాను కాబట్టి నాకిదేం కొత్త కాదు. అందర్నీ సమంగా బిగించాలని చూశాను. అందరూ సమంగా చెడిపోయారు.

మనుషులు కలుస్తారండీ, అది ఇంకో లాభం! మా పేటలో ఫోన్ చేయకుండా ఎవరింటికీ ఎవరూ పోరు. చేసినా పోరు. అలాంటిది హాల్లో చక్రం తిరుగుతున్న చప్పుడు విని పై వాటా భావే దిగొచ్చాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎడమకి తిప్పాలి మోరూ అన్నా."

"తిప్పాను."

"అయితే కుడికి తిప్పాలి."

"అదీ తిప్పాను."

"మరి ఇంక మిగిలిందల్లా ఒక్కటే. మీరు తప్పుకోవాలి."

ఈ విలువైన సలహాకు మూడు కప్పుల టీ తాగాడు. వెళ్తూ వెళ్తూ అటుకుల చివ్డా కూడా అడిగాడు. స్నేహమంటే ఇది కాక ఇంకేమిటి!

రాత్రికి చూసుకుంటే చక్రం బాగా పురోగమించింది. పొద్దున్న ఎడమకీ కుడికీ మాత్రమే ఊగేది. ఇప్పుడు కిందికీ పైకీ కూడా ఎగురుతోంది. నాలుగు దిక్కులా అభివృద్ధి! మా ఆవిడ వంటింట్లోంచి సైకిల్‌ని దాటుకుంటూ వచ్చి, చూసి, "బాగుంది, గుర్రమెక్కినట్టు ఉంటుంది" అని వెళ్లిపోయింది. ఆలుమగలకు మాట్లాడుకోవడానికి ఓ విషయం దొరకడం ఈ వయసులో తక్కువ సంగతా?

ఇంతకీ మీ పేటలో సైకిల్ మిస్త్రీయే లేడా అని మీరు అడగొచ్చు. అడగండి, గర్వంగానే చెబుతాను. ఉండేవాడు. వాణ్ణి నేనే పంపించేశాను!

వాడి పేరు ధోండిబా. ఇరవై ఆరేళ్లు మా కాంపౌండు గోడ పక్కనే కూర్చున్నాడు. మా గోడ నీడ మధ్యాహ్నం పన్నెండు దాటాకే రోడ్డు మీదికి వస్తుంది. కాబట్టి వాడు సరిగ్గా ఆ వేళకే పంపూ, పెట్టే వేసుకుని దిగేవాడు. టక్కు టక్కుమని సుత్తి. కర్‌ర్‌ర్‌మని చక్రం. అది ఏ వేళండీ? ఒంటిగంట నుంచి నాలుగు! పుణేలో ఆ వేళకు దుకాణాలే మూతపడతాయే, మిఠాయి కొట్లవాళ్లే కొనేవాళ్లను తోలేసి పడుకుంటారే, ఈ మహానుభావుడికి మాత్రం పనట!

నేను వెళ్లి తిట్టలేదు. తిట్టడం మా పుణేవాళ్ల పద్ధతి కాదు. బోర్డు రాయడం మా పద్ధతి. చెక్క పలక తీసుకుని, మంచి నల్ల రంగుతో, వంకర లేని అక్షరాలతో రాసి గోడకు నాలుగు మేకులతో కొట్టాను:

"మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకు ఈ ఇంట్లో మనుషులు నిద్రపోతారు. గోడ సహస్రబుద్ధేది. గోడ నీడ కూడా సహస్రబుద్ధేదే. నీడ కావలసినవారు ముందు సొంత గోడ కట్టుకోవలెను."

ఎలా ఉంది? దారిన పోయేవాళ్లు ఆగి ఫొటోలు తీసుకున్నారు. భావే షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ధోండిబాకు చదువు రాదు. రోడ్డున పోతున్న ఒకాయన్ని ఆపి చదివించుకున్నాడు. ఆయన పడీ పడీ నవ్వాడు. ధోండిబా కూడా నవ్వాడు. తర్వాత సామాను గోనెసంచిలో వేసుకుని, పంపు భుజాన తగిలించుకుని, నేల మీద రాలిన ఇనుపరజను ఊడ్చి మరీ వెళ్లాడు. రెండేళ్లయింది. ఆ రోజు నుంచి నా మధ్యాహ్నాలు స్వర్గం.

సరే, శుక్రవారానికి వద్దాం. ఆవిడ పోరు పడలేక, ఒక్కసారంటే ఒక్కసారి, సిద్ధాంతానికి విరుద్ధంగా కొత్త సైకిల్ షోరూముకు వెళ్లాను. అద్దాల తలుపులు, ఏసీ, స్కూటరంత ఖరీదైన సైకిళ్లు. అక్కడి కుర్రాడు మా చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు.

"సార్, ఇది మార్చాల్సిందే. ఈ సైజు తెప్పించాలి. వచ్చే గురువారం రండి."

"ఏకాదశి మంగళవారమయ్యా!"

"అయితే వచ్చే ఏకాదశికి చూద్దాం సార్."

చూశారా? అందుకే ఇంట్లో చేసుకోమనేది!

శనివారం పొద్దున్నే మళ్లీ కూర్చున్నాను. పదకొండింటికి ఒక స్పోకు టింగుమని తెగింది. పన్నెండింటికి ఇంకోటి తెగింది. వసుధ వచ్చి చూసింది. హ్యాండిల్‌కు కట్టుకోవడానికి కుట్టించుకున్న చిన్న కాషాయ జెండా బల్ల మీద ఉంది. దాన్ని తీసి, మడతపెట్టి, చీరల బీరువాలో పెట్టేసింది. సర్దుకున్న సంచిలోంచి నిమ్మకాయలు తీసి వంటింట్లో బుట్టలో పోసింది. నన్ను ఒక్క మాట అనలేదు.

ముప్పై తొమ్మిదేళ్లలో ఆవిడ అన్నదానికి నేనెప్పుడూ బాధపడింది లేదు. అనకపోవడం మాత్రం తట్టుకోలేకపోయాను. నిజం చెబుతున్నాను, చేతిలో కీ కింద పడేసి అలా కూర్చుండిపోయాను.

"ధోండిబా ఉంటే పావుగంట పని. ఎక్కడ పోయి చచ్చాడో ఎవరికి తెలుసు," అన్నాను గోడకేసి చూస్తూ.

"నాకు తెలుసు," అంది వంటింట్లోంచి. "కాలువ అవతల, చెరకురసం బండి దాటాక. రెండేళ్లుగా గాలి అక్కడే కొట్టించుకుంటున్నాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"బోర్డు రాసేటప్పుడు మీరు నన్నడిగారా?"

చక్రం భుజాన వేసుకుని బయల్దేరాను. అప్పుడు టైమెంత? ఒంటిగంటన్నర! చైత్రం ఎండ నడినెత్తిన ఉంది. ఆ వేళకు నన్ను రోడ్డు మీద చూసినవాళ్లు మా ఇంట్లో ఎవరో పోయారనుకుని ఉంటారు.

రసం బండి దాటాను. చెట్టు లేదు, గోడ లేదు, చూరు లేదు. ఆరుబయట, తల మీద తడిగుడ్డ వేసుకుని ధోండిబా కూర్చున్నాడు. పక్కన పాత టైరుకు ఒక అట్ట తగిలించి ఉంది. రసం బండివాడి చేత రాయించుకున్నాడట:

"ఇక్కడ నీడ లేదు. ఎండ ఎవరి సొత్తూ కాదు. కూర్చోవచ్చు."

మూడే ముక్కలు. ఒక్క అక్షరం తప్పు లేదు. నలభై ఏళ్లుగా బోర్డులు రాస్తున్నవాణ్ణి, నాకు తెలుసు. నా బోర్డుకన్నా ఇదే బాగుంది.

వాడు తలెత్తి నన్ను చూశాడు. భుజం మీది చక్రాన్ని చూశాడు. అంతా అర్థమైపోయింది వాడికి.

"ఏంటి సాహెబ్, ఒంటిగంట నుంచి నాలుగు దాకా మనుషులు నిద్రపోతారు కదా?"

చక్రం అందించాను.

"వదినమ్మగారిదా? రేపేగా ప్రయాణం!" అన్నాడు. ముందున్న పని పక్కన పడేసి దీన్నే పట్టుకున్నాడు. "ఎవడండీ ఈ చక్రాన్ని ఇలా హింస పెట్టింది?"

"భావే," అన్నాను.

నమ్మలేదు. పైకి మాత్రం "మంచివాడే పాపం" అన్నాడు. తెగిన స్పోకులు మార్చాడు. ఒక కన్ను మూసుకుని తిప్పడం, వేలితో తడమడం, ఇక్కడ పావు చుట్టు, అక్కడ అర చుట్టు. సుద్ద లేదు, ఏమీ లేదు. టక్కు టక్కుమని రెండు దెబ్బలు. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఇరవై ఆరేళ్లు విన్నాను.

ఎండకు వాడి వీపు మాడుతోంది. చెమట రిమ్ము మీద పడుతోంది. చూడలేక, ఎవరికీ తెలియకుండా, మెల్లగా రెండడుగులు జరిగి వాడికీ సూర్యుడికీ మధ్య నిలబడ్డాను. నేను కాస్త లావుగానే ఉంటాను కాబట్టి చాలినంత నీడే పడింది.

ధోండిబా చక్రం మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు:

"పక్కకు జరగండి సాహెబ్. మీ నీడలో కూర్చున్నానని రేపు మళ్లీ బోర్డు రాస్తారు."

జరిగాను. ఇంకేం చేస్తాను?

ఆదివారం ఐదింటికి వసుధ జెండా కట్టుకుని వెళ్లింది. చక్రం గీత గీసినట్టు సాగిపోయింది. సోమవారం సాయంత్రం విఠోబా గుడి ముందు నుంచి ఫోన్ చేసి, "ధోండిబాకు చెప్పండి, ఎక్కడా ఊగలేదు" అంది. నేను ఎలా తింటున్నానని అడగలేదు.

ఆ రాత్రే బోర్డు పీకేశాను. మర్నాడు కాలువ దాకా వెళ్లి ఆ సంగతి ధోండిబాకు చెప్పాను కూడా. "అలాగే సాహెబ్, చూద్దాం" అన్నాడు. ఇంతవరకూ రాలేదు. మా గోడ నీడ మాత్రం రోజూ వేళకు వచ్చి రోడ్డు మీద ఖాళీగా పడి ఉంటోంది. ఏ చప్పుడూ లేదు. నాకు నిద్ర పట్టడం లేదు.

కాబట్టి పాఠకులారా, పెద్దవాణ్ణి, నా మాట వినండి. చక్రం వంకర పోతే ఎన్ని స్పోకులు తెగినా సరే, ఇంట్లోనే కూర్చుని బాగుచేసుకోండి. బయటికి తీసుకెళ్లారా, బాగుచేసేవాడి మొహం చూడాల్సి వస్తుంది.