మబ్బుల్లో ఉడికిన న్సీమా

ఆ బుధవారం పొద్దున్న దోరికా వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు, ఊరికి సౌరపొయ్యి ఇచ్చిన డెన్మార్క్ సంస్థ నుంచి బిర్గిట్ మేడం వస్తుంది. ఆవిడ ముందు సౌరపొయ్యి మీద న్సీమా, అదే మొక్కజొన్న పిండి ముద్ద, వండి చూపించాలి. ఆవిడ మెచ్చుకోగానే ఊరికి పిండిమర కావాలని అడగాలి. మొక్కజొన్నల బకెట్టు నెత్తిన పెట్టుకుని బజారు మరకు వెళ్ళడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు. దోరికాకు మెడనొప్పి మొదలై నాలుగేళ్ళయింది. మర తెస్తానన్న మాట మీదే ఆడవాళ్ళు ఆమెను సంఘానికి పెద్దను చేసి ఏడాదయింది.

సౌరపొయ్యి అంటే మూడు కాళ్ళ మీద నిలిచే పెద్ద అద్దాల పళ్ళెం. ఎండనంతా పోగుచేసి గిన్నె అడుగుకు తగిలిస్తుంది. డెన్మార్క్‌లో దాన్ని తయారుచేసినవాళ్ళు అన్నీ ఆలోచించారు, న్సీమా సంగతి తప్ప. మరిగే నీళ్ళలో పిండి పోసి వదిలేస్తే అది న్సీమా కాదు. రెండు చేతులా తెడ్డు పట్టుకుని, ఎవరి మీదో కోపం తీర్చుకుంటున్నట్టు కుమ్మాలి. మొదటిరోజు దోరికా చెల్లెలు ఫలేసి అలా కుమ్మేసరికి పొయ్యి ఒరిగిపోయి, ముద్ద ఎగిరి కోళ్ళగూటి మీద పడింది. ఆ తర్వాత పళ్ళెం మంగలి దిసోని దుకాణానికి చేరింది. అందులో ముఖం బండెడంత కనిపిస్తుందని గడ్డాలవాళ్ళు పక్క ఊళ్ళనుంచి కూడా వస్తున్నారు.

"ఇంకో అరగంట ఆగు పిన్నీ, సగం తలే అయింది" అన్నాడు దిసోని, పళ్ళెం కోసం వచ్చిన దోరికాతో. కుర్చీలో కూర్చున్నది సాక్షాత్తూ ఊరిపెద్ద.

"ఆ సగానికి టోపీ పెట్టండి తాతా. మర వచ్చాక మిగతా సగం గొరిగించుకుందురుగాని" అంటూ దోరికా పళ్ళెం ఊడదీసి భుజాన వేసుకుంది.

ఇంటికి వచ్చి దాన్ని తుడిచి నిలబెట్టేసరికి ఆకాశం మూసుకుపోయింది. అక్కడ జనవరి అంటే వానాకాలం, మబ్బులు ఒకసారి కూర్చుంటే లేవవు.

"ఏం చేద్దామే?"

"ఏముందక్కా, పెరట్లో కట్టెలపొయ్యి మీద వండి, తెచ్చి దీనిమీద పెట్టేద్దాం. గిన్నెకు నోరుందా, ఎక్కడ ఉడికానో చెప్పడానికి?" అంది ఫలేసి.

జీపు దిగగానే బిర్గిట్ ఆకాశంవంక చూసి నిట్టూర్చింది. ఇవాళ కుదరదు, మళ్ళీసారి చూద్దామంది. మళ్ళీసారి అంటే మరో ఏడాది అని దోరికాకు తెలుసు. గబుక్కున గిన్నె మూత తీసింది. తెల్లటి న్సీమా, కుతకుతలాడుతూ ఆవిర్లు కక్కుతోంది.

బిర్గిట్ ముద్దను చూసింది, మబ్బును చూసింది, మళ్ళీ ముద్దను చూసింది. "ఎంతసేపు పట్టింది?" అని అడిగింది. వెంట వచ్చిన ప్రాజెక్టు అధికారి కపలాముల ఆ మాటను ఊరి భాషలోకి తెచ్చి అక్కాచెల్లెళ్ళకు అప్పగించాడు.

"పావుగంట" అంది ఫలేసి. అది నిజమే. కట్టెలు బాగా మండాయి.

"మా దగ్గర మండుటెండలో గంటన్నర పట్టింది! పన్నెండు ఊళ్ళకు ఇచ్చాం. ఇంతవరకు ఒక్క ఊళ్ళోనూ వండగా నేను చూడలేదు" అంటూ బిర్గిట్ కళ్ళు తుడుచుకుంది. దోరికాకు మనసు చివుక్కుమంది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా. అంతలో ఆవిడ పుస్తకం తెరిచి, "మొదటినుంచీ మళ్ళీ వండి చూపించండి" అంది.

"నీ నోరు పడిపోను! రెండు గంటలని చెబితే ఏం పోయింది?" అని దోరికా చెల్లెల్ని గిల్లింది.

"రెండు గంటలంటే మధ్యాహ్నందాకా ఇక్కడే కూర్చునేదక్కా!" అని గొణిగి, ఫలేసి గొంతు పెంచింది. "సారూ, మేడంగారితో చెప్పండి. ముద్ద గట్టిపడేదాకా చుట్టాలు గిన్నెవైపు చూడకూడదు. అది మా ఆచారం. అదిగో, ఆ సరస్సువైపు తిరిగి కూర్చోవాలి. మేం పాడతాం."

కపలాముల పుట్టినప్పటినుంచీ న్సీమా తింటున్నాడు. అలాంటి ఆచారం ఎన్నడూ వినలేదు. కానీ ఈ ఊళ్ళో మూడుపూటలా సౌరపొయ్యి మీదే వంట అని రెండేళ్ళుగా నివేదికలు రాస్తున్నది ఆయనే.

"చాలా పురాతనమైన ఆచారం మేడం" అన్నాడు.

దోరికా పెరట్లోకి పరుగెత్తింది. ఫలేసి పాట ఎత్తుకుంది, ఆడవాళ్ళు చప్పట్లతో అందుకున్నారు.

"చుట్టమా చుట్టమా, సరస్సు చూడవమ్మా!"

"చూడవమ్మా!"

"పొయ్యి చల్లారిపోయిందీ, మంట రాజుకోదమ్మా!"

"రాజుకోదమ్మా!"

"అక్కరో, నీళ్ళు మరిగాయా? ఇంకో చరణం పాడనా?"

"ఇంకో మూడు పాడు!" పెరట్లోంచి దగ్గుతో కలిసి జవాబు వచ్చింది.

"సూర్యుడికి దండం పెడుతున్నారు" అని కపలాముల తర్జుమా చేశాడు.

బిర్గిట్ ముక్కు ఎగబీల్చింది. "పొగ వాసన వస్తోందే?"

"చేపలు మేడం. పొగబెట్టి ఎండబెడతారు."

"అవునా! అది కూడా చూడాలి" అంటూ ఆవిడ లేవబోయింది. సరిగ్గా అప్పుడే దోరికా మసి పట్టిన ముఖంతో, చేతిలో పొగలుగక్కే గిన్నెతో ఇంటి మూల తిరిగింది. టోపీ పెట్టుకుని ఓ పక్కన కూర్చున్న ఊరిపెద్దకు ఏమనిపించిందో, లేచి ఆట మొదలుపెట్టాడు. రెండో గెంతుకు టోపీ ఎగిరిపోయింది. ఒకవైపు నున్నటి గుండు, మరోవైపు నెరిసిన పొద. బిర్గిట్ నోరు తెరిచి అటే చూస్తూ ఉండిపోయింది. ఆలోగా గిన్నె పళ్ళెం మీదికి చేరింది.

"ఇది... ఇది కూడా ఆచారమేనా?"

"ఇది మరీ పురాతనం మేడం" అన్నాడు కపలాముల. ఆవిడ అదీ రాసుకుంది.

చేతులు కడుక్కుని, చిన్నచేపల పులుసుతో న్సీమా తృప్తిగా తిన్నది బిర్గిట్. ఇదే అదననుకుని దోరికా ముందుకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది.

"తల్లీ, మాకు ఒక పిండిమర ఇప్పించండి. మెడలు విరిగిపోతున్నాయి."

బిర్గిట్ ఆమె చేతులు పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. కపలాముల నేలచూపులు చూస్తూ బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకొచ్చాడు. "ఈ ఏడాదికి ఒక్క మరే ఉందంటున్నారు. మీలాంటి తెలివైన ఊరు తన కాళ్ళమీద తను నిలబడగలదట. పక్కనున్న కసుపె ఊరివాళ్ళు పొయ్యిని వాడలేక మూలన పడేశారట. పాపం, మర వాళ్ళకిస్తారట. మీకు మాత్రం ఇరవై సౌరపొయ్యిలు పంపుతారట."

వర్షాలు వెలిసి కొత్త మొక్కజొన్న ఇంటికి వచ్చేసరికి కసుపెలో మర తిరగడం మొదలుపెట్టింది. దోరికా బకెట్టు ఎత్తుకుని వెళ్ళి వరుసలో నిలబడింది. కసుపె సంఘం పెద్ద ఎనెలేసి గుమ్మం దగ్గర పిండి దులుపుకుంటోంది.

"నిజం చెప్పు వదినా, ఆవిడ్ని ఎలా బుట్టలో వేశావు?" అని దోరికా మెల్లగా అడిగింది.

"నేనేం వేశాను? పొయ్యి ఎలా ఉందని అడిగితే, 'దానిమీద న్సీమా కుదరదమ్మా, మర ఉంటే ఇవ్వండి' అన్నాను. అంతే."

ఇంత తేలికైన పద్ధతి ఒకటుందని తమ ఊరికి ఇంతవరకు ఎవరూ నేర్పనేలేదని గొణుక్కుంటూ దోరికా వరుసలో ఒక అడుగు ముందుకు జరిగింది.