నాలుగు చేతుల స్వెట్టరు

మే నెలలో, ఎండ నలభై నాలుగు డిగ్రీలు దాటిన శుభసమయాన, నరసాపురం దగ్గరి వారసత్వ అల్లికల పరిరక్షణ సంఘం ఉన్ని స్వెట్టరు ఒకటి అల్లించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

కారణం లేకపోలేదు. సంఘాధ్యక్షులు భీమరాజు గారి అటక మీద, ఒకప్పటి దొరసాని వదిలివెళ్లిన పెట్టెలో ఎనభై ఏళ్ల నాటి అల్లిక నమూనా దొరికింది. పేరూ బొమ్మా ఉన్న పేజీని చెదలు తినేశాయి, కొలతలు మిగిలాయి. చరిత్రలో ముఖ్యమైన పేజీ చెదలకే పోవడం మామూలు గనక ఎవరూ బాధపడలేదు.

పని పాపాయికి అప్పగించారు. నలభై ఏళ్లుగా లేసు అల్లుతున్నా పాపాయి కళాకారిణి కాదు. ఎందుకంటే సర్కారు ఇచ్చే కళాకారుల కార్డు లేదు. కార్డు లేనిదే పింఛను రాదు, భీమరాజు గారి సంతకం లేనిదే కార్డు రాదు. మూడుసార్లు పెట్టుకున్న దరఖాస్తు మూడుసార్లూ "కళకు ఆధారాలు చాలవు" అని తిరిగొచ్చింది. స్వెట్టరు కుదిరితే సంతకం పెడతానని ఈసారి ఆయన మాటిచ్చారు.

కార్యదర్శి రాజేంద్ర ఇంగ్లీషు చదివి చెప్పాడు: మెడ, వీపు, చేతులు నాలుగు, వెనక ఒక కంత. పాపాయికి వాళ్లమ్మ చెప్పిన సంగతి గుర్తొచ్చింది. దొరసాని ఏటా వేసవికి ఊటీ వెళ్తూ కుక్కకి చలికోటు అల్లించేది. అల్లింది వాళ్లమ్మే.

"అయ్యా, ఇది మనుషులది కాదండి. దొరసాని గారి కుక్కదండి."

"ఎనభై ఏళ్ల వారసత్వాన్ని పట్టుకుని కుక్కదంటావేంటి?" భీమరాజు గారు నొచ్చుకున్నారు.

"పోనీ, వెనక ఆ కంతైనా మూసేస్తానండి."

"ఒక్క కుట్టు మారినా ఊరుకోను. నీకు కార్డు కావాలా, కుక్క కావాలా?"

లేసు పనిలో మచ్చుముక్క తప్పుగా ఉన్నా అచ్చం అలాగే అల్లాలి. ఆ తప్పు దిద్ది అల్లిన ముక్కని ఏజెంటు వెనక్కి విసిరేస్తాడు. నలభై ఏళ్లు నేర్చిన ఆ క్రమశిక్షణతోనే పాపాయి ఊలు అందుకుంది. కుట్టు మార్చలేదు. కుక్క కొలతని అధ్యక్షుల వారి కొలతకు పెంచింది, అంతే.

పక్కింటి లోవలక్ష్మి తొంగిచూసింది. "ఎవరికక్కా ఇది?"

"అధ్యక్షుల వారికే."

"మరి నాలుగు చేతులేంటక్కా?"

"కార్డొచ్చేదాకా అడక్కే తల్లీ."

ఆవిష్కరణ సభలో భీమరాజు గారు నాలుగు కూలర్ల మధ్య స్వెట్టరు తొడుక్కుని నిలబడ్డారు. మిగులు చేతులు రెండూ తొడల మీద వేలాడుతున్నాయి. "రెండు చేతులు మీకు దండం పెట్టడానికి! రెండు చేతులు మీ సేవకి! ఇక వెనక ఈ కంత, మన డెల్టా ఉక్కపోతని పూర్వీకులు ఎంత ముందుగా ఆలోచించారో చెబుతోంది!" చప్పట్లు ఆగలేదు. నాలుగు చేతులుంటే ఇంకా బాగా కొట్టేవాళ్లమని కొందరు విచారించారు.

ఇంతలో ముఖ్య అతిథి కారు ఆగింది. భీమరాజు గారు పరుగున వెళ్లి వంగారు. ఇంకా వంగారు. నాలుగు చేతులూ నేలకి ఆనాయి. అంతవరకు ముడతలు పడి వేలాడిన స్వెట్టరు అప్పుడు చూడాలి, మెడ దగ్గర్నుంచి వెనక కంత దాకా అతికినట్టు కుదిరింది!

పాపాయికి అక్కడికక్కడే సంతకమైంది.

ఇప్పుడు ఆవిడ కార్డున్న కళాకారిణి. అలాంటి స్వెట్టరే కావాలని ఊళ్లో పెద్దలంతా ఆవిడ అరుగు ముందు బారులు తీరారు. నిలబెట్టి కొలత తీస్తే కుదరదని పాపాయికి తెలిసిపోయింది. టేపు పట్టుకుని, "కాస్త వంగండి బాబూ" అంటుంది. వంగుతారు.

ఎంతవరకు అని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు.